ఒకటితో మొదలుకాని అంకెలు

మే 18, ఆదివారం

అక్షరాల్లో తప్పులు చాలా ఉంటాయి. చేతిరాత కూడా బాగుండదు, ఒత్తులు కింది లైనులోకి జారిపోతాయి. చదివేవాళ్ళు మన్నించాలి. చదివేవాళ్ళు ఎవరూ లేరు, నేనే. అయినా స్కూల్లో టీచరుగారికి పుస్తకం ఇచ్చేటప్పుడు తప్పులు ముందే ఒప్పుకోవడం అలవాటు. ఏడో తరగతితో చదువు ఆగింది గానీ ఆ అలవాటు ఆగలేదు.

ఈ డైరీ బ్యాంకు వాళ్ళు పోయిన ఏడాది ఇచ్చింది. ఆయన పారేయబోతుంటే అడిగి తీసుకున్నాను. "ఏం రాస్తావు, పప్పులూ ఉప్పులూనా?" అని నవ్వారు. అవునండీ అన్నాను. పెళ్ళయిన పద్నాలుగు నెలల్లో ఆయనతో చెప్పిన మొదటి అబద్ధం.

ఆయన పేరు కాగితం మీద రాయాలన్నా సిగ్గేస్తోంది. నదీమ్. చిన్న సహకార బ్యాంకులో క్లర్కు. హెడ్డాఫీసు తాడేపల్లిగూడెంలో. ఆయన మాత్రం ఏలూరు నుంచి రోజూ బండి మీద కొల్లేటి వైపు బ్రాంచికి వెళ్ళొస్తారు. ఇంట్లో ఆయన, అత్తయ్యగారు, నేను.

ఇవాళ నాకూ ఒక పని దొరికింది. ఆయన ఒక కట్ట చీటీలు తెచ్చారు. బ్యాంకులో డబ్బు తీసుకోవడానికి రాసే చీటీలు. ప్రతిదాని మీదా వేలిముద్ర ఉంది, మిగతాదంతా ఖాళీ. చేపల చెరువుల మీద పనిచేసేవాళ్ళవట, రాయడం రాదు పాపం.

"కౌంటరు దగ్గర రాస్తూ కూర్చుంటే సాయంత్రమైపోతుంది షిరీన్. నువ్వు రాసిపెడితే నీకే పుణ్యం."

పేర్లు, ఖాతా నంబర్లు లిస్టులో ఉన్నాయి. మరి ఎంత రాయాలండీ అని అడిగాను.

"ఎవరెంత అడిగారో నాకేం గుర్తుంటుంది? పదివేలు దాటకుండా ఏదో ఒకటి వెయ్యి. దాటితే మేనేజరుగారి సంతకం కావాలి. అన్నీ సున్నాలు పెట్టకు. తేదీలు నేను వేసుకుంటాను."

ఇరవై అయిదు రాశాను. ఆయన తిరగేసి చూసి, ముత్యాల్లా ఉన్నాయన్నారు. నా రాతని ఎవరూ ఎప్పుడూ అలా అనలేదు.

మే 21

ఇవాళ ముప్పై. వేలు నొప్పి పుట్టింది. బాగుంది.

మే 27, మంగళవారం

అత్తయ్యగారు వరండాలో కూర్చుని నన్ను చూసి ఒకటే నవ్వు. "మా కోడలు ఏడో క్లాసు కలెక్టరమ్మ! సంతకాలయ్యాక కాస్త ఉల్లిపాయలు తరుగుతారా అండీ తమరు?"

తరిగాను. ఆవిడ నోరే గానీ మనసు మంచిది. నాకు జ్వరమొస్తే కాళ్ళు పట్టారు.

ఆయన చాలా మంచివారు. పరాయివాళ్ళ కోసం ఇంటికి పని తెచ్చుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

జూన్ 6, శుక్రవారం

రేపు బక్రీదు. అత్తయ్యగారికి మక్కాకి ఉమ్రా యాత్ర కోసం ఏజెంటుకి మొదటి వాయిదా కట్టేశారు. అరవై వేలు. బ్యాంకులో బోనసు ఇచ్చారట. అత్తయ్యగారు వీధంతా తిరిగి చెప్పొచ్చారు. నాకు చెవులకి బుట్టలు. అద్దంలో చూసుకుంటే నేనేనా అనిపించింది.

బోనసు దసరాకి కదా ఇస్తారు అని అత్తయ్యగారు అన్నారు. సహకార బ్యాంకుల్లో వేరుగా ఉంటుందమ్మా అన్నారు ఆయన. వేరుగానే ఉంటుంది.

జూన్ 19, గురువారం

మణెమ్మ వచ్చింది. కొల్లేటి ఊరి నుంచి వారానికి రెండుసార్లు తట్టతో మా వీధికి చేపలమ్మడానికొస్తుంది. ఇవాళ బొమ్మిడాయిలు తెచ్చింది. బేరమయ్యాక కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో బ్యాంకు పుస్తకం.

"కోడలమ్మా, ఇది కాస్త సదివి పెట్టవా. ఏడాదై అచ్చు ఏయించలేదు. నిన్న ఏయించాను. ఇంటిమీదికి రేకులు కొందామని. వానలొచ్చేత్తన్నాయి గదా, తాటాకు కుళ్ళిపోయింది. అరవై రెండేలు ఉండాల నా లెక్కలో."

తెరిచాను. చివర పద్దెనిమిదివేల నాలుగువందలు ఉంది.

పైకి చూశాను. ఏడువేల మూడువందల యాభై. అయిదువేల ఏడువందలు. మూడువేల అయిదువందల డెబ్బై. ఏడువేల అయిదువందల ముప్పై.

అవి నాకు తెలుసు. మా వీధిలో పిల్లల్ని ఎక్కడ చూసినా గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాను.

"నువ్వెప్పుడైనా డబ్బు తీశావా మణెమ్మా?"

"తీత్తే నీకు సదవమని ఎందుకిత్తానమ్మా? ఏడాదంతా ఏత్తానే ఉన్నా. మొన్న సంకురేత్రి ముందు మీ ఆయనే, రేకులకి గవర్నమెంటు సాయం వత్తాదని, ఏడెనిమిది కాయితాల మీద ఏలిముద్దరలు ఏయించాడు. దేవుడిలాంటోడమ్మా. మా వాడలో అందరికీ ఏయించాడు."

ప్రింటు తప్పై ఉంటుంది, బ్యాంకులో అడుగు అన్నాను. ఆమె తల ఊపి తట్ట ఎత్తుకుంది. బొమ్మిడాయిలు నాకు ఒకటి ఎక్కువ వేసింది.

జూన్ 20

ప్రింటు తప్పే అయ్యుంటుంది.

జూన్ 24

రెండు రోజులుగా వాన. ప్రింటు తప్పే అయ్యుంటుంది. మిషన్లు పాతవి అని ఆయనే ఎన్నోసార్లు అన్నారు.

ఇవాళ రాసినవి ముప్పై రెండు.

జూలై 2, బుధవారం

భోజనం దగ్గర ఆయన చాలా సేపు నవ్వారు. తాడేపల్లిగూడెం హెడ్డాఫీసు నుంచి లెక్కల తనిఖీకి అభినవ్ అని ఒక కుర్రాడొచ్చాడట. ఎర్ర సంచి, కంప్యూటరు. కొన్నాళ్ళు బ్రాంచిలోనే ఉంటాడట.

"లెడ్జర్లు చూడడు, మనుషుల్ని అడగడు. ప్రతి మొత్తానికీ మొదటి అంకె ఏమిటో లెక్కపెడతాడంతే. దొంగల్ని పట్టుకోవడానికి జాగిలాలని తెస్తారు గానీ, ఎక్కాలు తెచ్చినవాణ్ణి వీణ్ణే చూశాను."

"మొదటి అంకె ఎందుకండీ?"

"నిజంగా జరిగిన లెక్కల్లో నూటికి ముప్పై ఒకటితోనే మొదలవుతాయట. రెండుతో పదిహేడో పద్దెనిమిదో. అలా తగ్గుకుంటూ పోయి తొమ్మిదితో అయిదు కూడా ఉండవట. ఎందుకురా అంటే, వెయ్యి రెండువేలు కావాలంటే రెట్టింపవ్వాలి గానీ, తొమ్మిదివేలు పదివేలు కావడానికి ఎంతసేపండీ అంటాడు."

"మరి దొంగలెక్కలైతే?"

"మనిషి మనసులోంచి పుట్టించిన అంకెలు అలా ఉండవట. ఒకటిని మర్చిపోతారట. వాడి మొహం!"

అత్తయ్యగారు "ఒకటికి అంత వైభోగమా! నాకున్న కొడుకూ ఒక్కడే" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

జూలై 3

ఆయన బ్యాంకుకి వెళ్ళాక వంటింట్లో కమ్మికి గుచ్చిన చీటీలన్నీ తీశాను. కిరాణా, మందులషాపు, గ్యాసు, కరెంటు. నేల మీద పరిచాను. అరవై ఒకటి. ఒకటితో మొదలయ్యేవి పద్దెనిమిది. తొమ్మిదితో మూడు.

ఆ కుర్రాడు చెప్పింది నిజమే. కిరాణా శ్రీహరిగారికి ఈ సంగతి తెలీదు, కరెంటు వాళ్ళకీ తెలీదు. అయినా అందరూ కూడబలుక్కున్నట్టు అంతే వేశారు.

తర్వాత నేను రాసి ఉంచిన ముప్పై రెండు చీటీలు తీశాను. అయిదుతో పదకొండు. ఏడుతో పది. మూడుతో ఎనిమిది. ఆరుతో మూడు. ఒకటితో ఒక్కటీ లేదు.

ఎందుకో కూడా తెలిసింది. నరసాపురంలో మా అమ్మ దగ్గర ఎనిమిదో ఏటి నుంచీ లేసు అల్లాను. గొలుసు అయిదు, రేకుకి ఏడు, నడుమ మూడు. ఒక కుట్టుతో ఏ పువ్వూ మొదలవదు. ఏదో ఒక అంకె వెయ్యమంటే నాకు వచ్చే అంకెలు అవే. ఇంక నాలో ఏమున్నాయి?

జూలై 4, శుక్రవారం

చెప్పకుండా ఉండాల్సింది. ఏదో కనిపెట్టానన్న సంబరంలో అన్నం వడ్డిస్తూ చెప్పేశాను. "ఏవండీ, మన చీటీల్లో ఒకటి అస్సలు లేదండీ. అన్నీ లేసు లెక్కలే."

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదండీ."

"అమ్మతో?"

"లేదండీ."

చెయ్యి కడిగేసుకున్నారు. అన్నం సగం అలాగే ఉంది. కాసేపటికి నా పక్కనొచ్చి కూర్చుని తల నిమిరారు. "నువ్వు చాలా తెలివైనదానివి షిరీన్. నాకు తెలీలేదు."

పొగడ్తే. పొగడ్త అనే రాసుకుంటున్నాను.

జూలై 8

కొత్త కట్ట తెచ్చారు. ఈసారి ఒక కాగితం కూడా. పది చీటీలకి మూడు ఒకట్లు, రెండు రెళ్ళు, ఒక మూడు, అలా వరస రాసి ఉంది. ఈసారి పాత తేదీలు కూడా నన్నే వెయ్యమన్నారు.

ఎవరెంత అడిగారో గుర్తులేని మనిషికి, ఎంతమంది ఒకటితో అడిగారో ఎలా తెలుసు?

ఇది అడగలేదు. రాసుకున్నాను, అంతే. చీటీలు రాశాను.

జూలై 10

రాశాను.

జూలై 14, సోమవారం

మణెమ్మ బ్యాంకు మెట్ల మీద కూర్చుందట పొద్దున్నించీ. వాడలోని ఇంకో తొమ్మిదిమందిని వెంటబెట్టుకుని. నా రేకుల డబ్బు నాకియ్యండి అని ఒకటే మాట. వేలిముద్ర నీదే కదా అని మేనేజరు నరసింహమూర్తిగారు చూపిస్తే, ముద్ర నాదే, డబ్బు మాత్రం నా చేతికి రాలేదు అందట.

అభినవ్ బ్రాంచిలో అందరి చేతిరాతా తీసుకున్నాడు. చీటీల మీది రాతతో ఎవరిదీ కలవలేదు. అప్పుడు ఆయనే లేచి, ఆ రాత నా భార్యది అని చెప్పారట.

ఇదంతా నాకు ఆయనే చెప్పారు, అరటిపండు ఒలుచుకుంటూ.

"నువ్వేం తప్పు చెయ్యలేదు. రాయడం రానివాళ్ళకి రాసిపెట్టావు. మణెమ్మ ఇంటికి చేపలమ్మడానికొస్తుంది కదా. తనకీ, తన వాడ వాళ్ళకీ ఎంతెంత కావాలో నీకు చెప్పేది, నువ్వు రాసేదానివి. అంతే."

"ఆవిడ అలా చెప్పలేదండీ."

"చెప్పింది."

"రేకులు కొనుక్కోవాలండీ ఆవిడ. వానలొచ్చేశాయి."

పండు సగం విరిచి నా చేతిలో పెట్టారు. "చూడు. ఆ చీటీల మీద నా అక్షరం ఒక్కటి లేదు. అన్నీ నీవే. మణెమ్మ చెప్పింది అంటే ఇద్దరం ఇంట్లో ఉంటాం. చెప్పలేదు అంటే ముందు ఎవరు వెళ్తారో నువ్వే ఆలోచించుకో."

గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు.

జూలై 17

మూడు రోజులుగా ప్రాక్టీసు. అభినవ్ నా చేత అంకెలు రాయిస్తాడని ఆయనకి గట్టి నమ్మకం. నాకు తోచిన అంకెలు చీటీల్లో అంకెల్లాగే ఉంటే, చీటీల్లోవి నా మనసులోంచి పుట్టినవని తేలిపోతుంది. అలా ఉండకపోతే, అవి మణెమ్మ వాళ్ళు చెప్పినవే అవుతాయి. అందుకని వేళ్ళకి అలవాటయ్యేదాకా ఒకట్లు రాయిస్తున్నారు. నలభైకి పన్నెండు ఒకట్లు. మూడు, అయిదు, ఏడు ఎక్కువైతే కాగితం చింపి మళ్ళీ మొదలు.

అత్తయ్యగారు "పెళ్ళాన్ని ఇప్పుడు బడికి పంపుతున్నావురా?" అంటున్నారు. ఆవిడకి ఏమీ తెలీదు. యాత్రకి సంచులు కుట్టించుకుంటున్నారు.

జూలై 19, శనివారం

వచ్చాడు. నా తమ్ముడి వయసు కంటే కాస్త ఎక్కువ ఉంటుందేమో. గుమ్మం బయటే చెప్పులు విడిచి, తడిసిన ఎర్ర సంచి ఎక్కడ పెట్టాలో తెలీక చేతిలోనే పట్టుకున్నాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. పరాయి మగవాళ్ళ ముందు నాకు మాట రాదు.

అత్తయ్యగారు టీ ఇచ్చి, "అబ్బాయ్, నువ్వేనా అంకెలకి జాతకం చెప్పేది?" అన్నారు.

"నాకు చెప్పడం రాదండీ అమ్మగారూ. అవే చెప్తాయి, నేను వింటాను."

ఆయన ఎదురు కుర్చీలో కూర్చున్నారు. అభినవ్ నన్ను అడగాల్సినవన్నీ అడిగాడు, ఆయనే జవాబులు చెప్పారు. మణెమ్మ చెప్పేదని. నేను రాసేదాన్నని.

"డబ్బెందుకు కావాలో చెప్పేదా అండీ?"

"ఇంటికి రేకులకట," అన్నారు ఆయన.

"కొన్నదా అండీ?"

అభినవ్ టీ గ్లాసు కింద పెట్టాడు. "నిన్న వాళ్ళింటికి వెళ్ళానండీ. మంచం మీద గొడుగేసుకుని కూర్చుంది. ఆవిడే చెప్పిందని మీరు రాసిచ్చేస్తే, నా రిపోర్టు అక్కడితో ఆగిపోతుంది. ఆవిడకి రూపాయి రాదు."

ఇది ఆయనకి కాదు, నాకు చెప్పాడు. తలెత్తి నా వైపు చూడలేదు గానీ నాకే చెప్పాడు.

తర్వాత తెల్లకాగితం, పెన్ను బల్ల మీద పెట్టాడు. "మేడం, మాటలు వద్దు. పదివేల లోపు, మనసుకి తోచిన నలభై మొత్తాలు రాయండి చాలు."

ఆయన నవ్వారు. "రాయి షిరీన్. భయపడకు. శుభ్రంగా రాయి."

కూర్చున్నాను. 1,240 రాశాను. 1,860 రాశాను. 2,100. ఆయన కుర్చీలో వెనక్కి వాలిన చప్పుడు వినిపించింది.

ఇక్కడ, చెయ్యి దానంతట అదే పోయిందని రాయబోయాను. అది అబద్ధం. ఈ పుస్తకంలో అలాంటివి ఇప్పటికే చాలా రాశాను. చెయ్యి పోలేదు, నేనే రాశాను. నేర్పిన వరసలో తర్వాత ఏ అంకె రావాలో తెలిసీ, కావాలనే మానేశాను. 7,350. 5,700. 3,570. 7,530. మిగతా ముప్పై ఏడూ అలాగే రాశాను, ఎక్కడా ఆగలేదు.

అభినవ్ కాగితం చూశాడు. చాలాసేపు చూశాడు. రెండుగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, సంచిలో కాదు. "మేడం, మొదట చీటీ రాసింది ఎప్పుడో, ఎవరు రాయమన్నారో మీ దగ్గరేమైనా రాసుందా?" అని అడిగాడు.

"ఇంట్లో అలాంటివేం లేవు," అన్నారు ఆయన.

అభినవ్ సోమవారం తాడేపల్లిగూడెంలో రిపోర్టు ఇస్తాడట. అతను వెళ్ళాక ఆయన తలుపు గడియ వేశారు.

"ఒకట్లు ఎన్ని వేశావు?"

"రెండండీ."

చేతులు వెనక్కి కట్టుకుని గదంతా చూస్తూ తిరిగారు, ఇల్లు అద్దెకి చూడ్డానికి వచ్చినవాళ్ళలాగా.

జూలై 20, ఆదివారం

పొద్దున్నే వేన్నీళ్ళ పొయ్యి వెలిగించి, నా చేతిరాత ఉన్నవన్నీ తెమ్మన్నారు. సామాన్ల లిస్టులు. అమ్మకి రాసి పోస్టు చెయ్యని ఉత్తరం. నా ఏడో తరగతి నోటుపుస్తకం, లేసు బొమ్మలు వేసుకున్నది. ఒక్కొక్కటీ పొయ్యిలో పెట్టారు, తొందర లేకుండా.

"ఇంకా ఉన్నాయా?"

"లేవండీ."

డైరీ బియ్యం డబ్బాలో అడుగున ఉంది. ఆ డైరీ ఇచ్చిన సంగతి ఆయన మర్చిపోయారు. ఎప్పుడు గుర్తొస్తుందో.

నా ఫోను ఆయన జేబులో ఉంది, బాగు చేయించాలట. అత్తయ్యగారిని మధ్యాహ్నం ద్వారకా తిరుమల దగ్గర ఆవిడ చెల్లెలి ఇంటికి బస్సెక్కించి వచ్చారు.

జూలై 21, సోమవారం

ఇవాళ నన్ను నరసాపురం మా అమ్మ దగ్గర దింపుతారట. నేను అడగలేదు. బస్సులో కాదు, బండి మీద. కైకలూరు వైపు నుంచి, కొల్లేటి మీదుగా. ఆ దారిలో రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయని, మనుషులు తిరగడం లేదని నిన్న వీధిలో ఎవరో అన్నారు. ఆయన కూడా విన్నారు. బట్టలు సర్దుకుంటానంటే, "అవసరం లేదులే, అక్కడ ఉంటాయి కదా" అన్నారు. పెట్రోలుకి వెళ్ళారు. ముందు తలుపుకి బయట తాళం వేశారు.

మణెమ్మ మా వీధి మానలేదు. వీధి చివర కేక వినిపిస్తోంది. వంటింటి కిటికీ ఊచల మధ్య నుంచి ఈ పుస్తకం పడుతుంది, చూశాను. ఆమె నన్ను తిడుతుంది. తిట్టనీ. తట్టలో చేపల కింద వేసుకోమంటాను. ఆమెకి చదువు రాదు, ఎవరి చేతనైనా చదివించుకోవాలి. ఆ చదివేవాళ్ళకే ఈ నాలుగు లైన్లు.

అయ్యా, అమ్మా, మీరెవరో నాకు తెలీదు. ఇది తాడేపల్లిగూడెం హెడ్డాఫీసులో అభినవ్ అనే అబ్బాయికి ఇవాళే ఇవ్వండి. మణెమ్మ నాకు ఏ మొత్తమూ చెప్పలేదు. ఆమె వాడలో ఎవరూ చెప్పలేదు. ప్రతి అంకె నేనే పుట్టించాను, మా ఆయన తెచ్చిన చీటీల మీద, మా ఆయన రాయమంటే. రేకుల డబ్బు ఆమెది. నాకు ఏ శిక్ష వేసినా సరే. నేను నరసాపురం చేరానో లేదో మా అమ్మని అడగమని కూడా ఆ అబ్బాయికి చెప్పండి.

డబ్బు ఆమె చేతికి వచ్చాక దీన్ని కాల్చెయ్యండి. మర్చిపోకండి. మొదటి పేజీల్లో ఆయన గురించి మంచివారని రాసుకున్నాను. అవి కూడా ఆమెకి పైకి చదివి వినిపిస్తారేమో, అది మాత్రం వద్దు.